ఫోన్‌లో ఎన్ని జీబీలు కావాలి? కొనేముందు వేసుకోవలసిన లెక్క

మన సాంఘిక సంక్షేమ హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు మేము కవిత రాద్దామా, అనుభవాలు రాద్దామా అని ఆలోచించాం. మేమంటే ఈ హాస్టల్ నుంచి వెళ్లి ఇప్పుడు పీజీ చదువుతున్న నలుగురం. చివరికి ఈ నాలుగేళ్లలో జూనియర్లు మమ్మల్ని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నకే జవాబు రాద్దామని నిర్ణయించుకున్నాం. ఆ ప్రశ్న ఏ గ్రూపు తీసుకోవాలన్నది కాదు, ఏ ఉద్యోగానికి చదవాలన్నదీ కాదు. "అన్నా, ఫోన్ కొంటున్న. 64 తీస్కోవాల్నా, 128 తీస్కోవాల్నా?"

చిన్న ప్రశ్నే గానీ దాని వెనుక డబ్బు ఉంది. మేము సంగారెడ్డిలో ఫోన్ చూసిన రోజున ఒకే మోడల్‌లో 64 జీబీకి, 128 జీబీకి తేడా 1500 రూపాయలు. ఫోన్ డబ్బుల కోసం సెలవుల్లో పాశమైలారంలో ప్యాకింగ్ పనికి వెళ్లినవాళ్లం కాబట్టి ఆ 1500 అంటే మాకు మూడు రోజుల డ్యూటీ. 2024 చివర్లో పెంచిన తర్వాత పోస్ట్ మెట్రిక్ విద్యార్థికి ఇచ్చే డైట్ చార్జీలు నెలకు 2100 రూపాయలు. అంటే ఆ తేడా సొమ్ము దాదాపు ఇరవై రోజుల తిండికి సమానం. అందుకని "పెద్దది తీసుకో, పని పడుతుంది" అని చెప్పి తప్పించుకోవడం మాకు ఇష్టం లేదు.

ముందుగా ఒక గందరగోళం తొలగించుకుందాం. షాపులో "4 ప్లస్ 64", "6 ప్లస్ 128" అని చెబుతారు. మొదటి అంకె ర్యామ్, రెండోది స్టోరేజీ. మన హాస్టల్ భాషలో చెప్పాలంటే స్టోరేజీ మన ట్రంకు పెట్టె. ర్యామ్ స్టడీ అవర్‌లో ముందు పెట్టుకునే పలక బల్ల. బల్ల మీద ఒకేసారి ఎన్ని పుస్తకాలు తెరిచి పెట్టుకోగలమన్నది ర్యామ్. లైటు ఆర్పాక బల్ల మీద ఏమీ మిగలదు, అన్నీ పెట్టెలోకి పోవలసిందే. ఈమధ్య కొన్ని ఫోన్ల మీద "ర్యామ్ 4 ప్లస్ 4" అని రాస్తున్నారు. అందులో రెండో 4 నిజమైన ర్యామ్ కాదు. పెట్టె మూత మీద కొంత జాగా బల్లలాగా వాడుకోవడం. ఆ 4 జీబీ మన స్టోరేజీలోంచే పోతుంది, పైగా అసలు ర్యామంత వేగంగా ఉండదు. 64 జీబీ ఫోన్ ఉన్నవాళ్లు దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేసుకుంటే ఆ మేరకు చోటు తిరిగి వస్తుంది.

ఇక జీబీ అంటే ఎంత? మన ఊరి పేరుతోనే చూద్దాం. 'సంగారెడ్డి' అని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే పది అక్షరాలు, పది బైట్లు. తెలుగులో రాస్తే యూనికోడ్ పద్ధతిలో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ప్రతి పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. స, సున్న, గ, దీర్ఘం, ర, ఎత్వం, డ, పొల్లు, డ, గుడి. మొత్తం పది గుర్తులు, 30 బైట్లు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు. తెలుగుకు మూడింతలు ఖర్చవుతుందని కంగారు పడనక్కర్లేదు. పేజీకి 1500 గుర్తుల చొప్పున 200 పేజీల తెలుగు పుస్తకం టైపు చేస్తే 9 లక్షల బైట్లు, అంటే ఒక ఎంబీ కూడా కాదు. ఫోన్ కెమెరాతో తీసిన ఒక్క ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. ఒక సెల్ఫీ తీసుకుంటే మూడు నాలుగు పుస్తకాలంత జాగా పోయినట్టే. ఫోన్ నిండేది చదువు వల్ల కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

పాట అయితే సాధారణ నాణ్యతలో నిమిషానికి ఒక ఎంబీ. మన సీనియర్లు 256 ఎంబీ మెమరీ కార్డు తీసుకెళ్లి సెల్ షాపులో పాటలు ఎక్కించుకునే రోజుల్లో ఐదు నిమిషాల పాటలు ఓ యాభై పట్టేవి. అంతకుముందు వాడిన ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. 2000లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన పెన్‌డ్రైవ్ 8 ఎంబీ. 2017లో వచ్చిన జియోఫోన్‌లో 4 జీబీ. పెట్టెలు ఎంత పెరిగాయో సామాన్లూ అంతే పెరిగాయి, ముఖ్యంగా వీడియో. ఫుల్ హెచ్‌డీ వీడియో మామూలు పద్ధతిలో తీస్తే నిమిషానికి సుమారు 130 ఎంబీ. 4కే పెడితే నిమిషానికి 350 ఎంబీ దాకా పోతుంది. తెలియక 4కే పెట్టి వార్షికోత్సవంలో అరగంట డాన్సు తీస్తే పది జీబీలు అయిపోతాయి. ఫోన్‌లో చూసుకునే వీడియోకు 4కే అవసరమే లేదు. కెమెరా సెట్టింగ్స్‌లో ఆ ఒక్కటి మార్చుకుంటే చాలు. వీలుంటే 'హెచ్ఈవీసీ' అన్న పద్ధతి పెట్టుకోండి, దాదాపు సగం జాగాలోనే సరిపెడుతుంది. పాత కంప్యూటర్లలో అది తెరుచుకోకపోవచ్చు, అదొక్కటే చిక్కు.

ఇంకొక అనుమానం. 64 జీబీ పెన్‌డ్రైవ్ కొని కంప్యూటర్‌లో పెడితే 59.6 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని మేమూ ఒకసారి గొడవకు వెళ్లాం. తప్పు మాదే. తయారుచేసేవాళ్లు వెయ్యి ఎంబీలను ఒక జీబీగా లెక్కపెడతారు. విండోస్ మాత్రం 1024తో లెక్కపెడుతుంది. కిలోమీటర్లకూ మైళ్లకూ ఉన్నంత తేడా, దారి అదే. 128 అయితే 119.2 చూపిస్తుంది. ఫోన్‌లో మాత్రం అసలు తరుగు వేరే ఉంది. ఆండ్రాయిడ్, కంపెనీవాళ్లు తోసిన యాప్‌లు కలిసి మనం పెట్టె తెరవకముందే చోటు ఆక్రమించి ఉంటాయి. ట్రంకు కొత్తదే, అడుగున ఎవరివో దుప్పట్లు మడిచి పెట్టి ఉన్నాయన్నమాట.

ఇప్పుడు అసలు లెక్క. మాలో ఒకరిది 64 జీబీ ఫోన్. కొని ఇరవై నెలలైంది. సెట్టింగ్స్‌లో స్టోరేజీ తెరిచి కాగితం మీద రాశాం. సిస్టమ్ 17, యాప్‌లు 14, వాట్సాప్ ఫైళ్లు 13, ఫొటోలు వీడియోలు 11, డౌన్‌లోడ్లు 6, ఖాళీ 3. ఆ డౌన్‌లోడ్లలో చదువుకు సంబంధించిన పీడీఎఫ్‌లు, నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ కలిపితే రెండు జీబీ లేవు. డిగ్రీ, పీజీ చదువంతా రెండు జీబీలలో ఉంటే గుడ్ మార్నింగ్ గులాబీ పూలు, గ్రూపుల వీడియోలు పదమూడు జీబీలు తిన్నాయి. చూసి మేమే సిగ్గుపడ్డాం.

ఇందులో సిస్టమ్, యాప్‌లు కలిపి 31 జీబీ మొదటి నెలలోనే పడిపోయేవి. మిగతా 30 జీబీ ఇరవై నెలల్లో చేరాయి, అంటే నెలకు ఒకటిన్నర. మన ఇళ్లలో ఫోన్ రెండేళ్లకు మార్చం. కనీసం నాలుగేళ్లు వాడతాం, ఆ తర్వాత చెల్లెలికో అమ్మకో ఇస్తాం. నాలుగేళ్లకు 48 నెలలు, నెలకు ఒకటిన్నర చొప్పున 72 జీబీ. దానికి మొదటి 31 కలిపితే 103. యాప్‌లూ అప్‌డేట్లూ ఏటేటా లావెక్కుతాయి కనుక ఇంకో పది వేసుకుంటే 113. పదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, అదెందుకో తర్వాత చెబుతాం. మొత్తం 125. అంటే ఈ మిత్రుడికి కావలసింది 128, కొన్నది 64. అతను వాట్సాప్ ప్రతి నెలా శుభ్రం చేస్తూ, అనవసరమైనవి రాకుండా ఆపి ఉంటే నెలకు ఒక జీబీ చాలు. అప్పుడు నాలుగేళ్లకు 48, మొదటి 31, పెరుగుదల పది, మొత్తం 89. అయినా 64 దాటింది. ఎంత పొదుపు చేసినా 64 జీబీ ఫోన్ నాలుగేళ్లు రాదు. పొదుపు చేస్తే రెండేళ్ల పైచిలుకు, చేయకపోతే ఏడాదిన్నర. ఆ తర్వాత ప్రతి వారం ఏదో ఒకటి చెరుపుతూ కూర్చోవాలి.

మీ లెక్క మీరు ఇదే పద్ధతిలో వేసుకోండి. పాత ఫోన్ గానీ అన్న ఫోన్ గానీ తెరిచి, ఎన్ని నెలల్లో ఎంత నిండిందో చూసి, భాగించి, మీరు వాడదలచిన నెలలతో గుణించండి. ఎనిమిదో తరగతి లెక్కే ఇది. షాపులో నిలబడి వేయకండి, అక్కడ పక్కనుంచి "ఆఫర్ ఇయ్యాలే లాస్ట్ తమ్మీ" అంటూ ఉంటారు.

చెరుపుతూ కూర్చోవడం అన్నాం. దాని గురించి కాస్త ఎక్కువ రాయాలి.

మా గదిలో ఉన్న ఒక మిత్రుడి సంగతి. అతని అనుమతితోనే రాస్తున్నాం, పేరు వద్దన్నాడు. వాళ్ల నాన్న ఈ బెల్ట్‌లోనే కాంట్రాక్టు కార్మికుడిగా పదిహేనేళ్లు పనిచేసి చనిపోయాడు. ఆయన ఉండగా ఒక శివరాత్రికి ఇంటిల్లిపాదీ ఏడుపాయల జాతరకు పోయారు. అక్కడ ఆయన మనవరాలిని భుజం మీద ఎక్కించుకుని మాట్లాడుతుండగా మా మిత్రుడు వీడియో తీశాడు. మూడు నిమిషాల వీడియో. ఆయన కదులుతూ మాట్లాడుతూ ఉన్నది అదొక్కటే. ఫోన్ 32 జీబీది. ఒక పోటీ పరీక్ష హాల్‌టికెట్ దించుకోవాల్సిన రోజు ఫోన్ ముందుకు కదలలేదు. యాప్ అప్‌డేట్ కావాలంటుంది, చోటు లేదంటుంది. శుభ్రం చేసే యాప్ తెరిస్తే 'పెద్ద ఫైళ్లు' అని పైనుంచి కిందికి వరుస చూపించింది. కంగారులో పైన ఉన్న పదింటికీ టిక్కు పెట్టి చెరిపేశాడు. హాల్‌టికెట్ వచ్చింది. పరీక్ష రాశాడు.

రెండు నెలల తర్వాత నాన్న సంవత్సరీకానికి వీడియో కోసం వెతికితే లేదు.

ఎందుకు పోయిందో గమనించండి. మూడు నిమిషాలు, నిమిషానికి 130 ఎంబీ, దాదాపు 390 ఎంబీ. ఆ ఫోన్‌లో అంత పెద్ద ఫైలు మరొకటి లేదు కనుక అది జాబితాలో అన్నిటికన్నా పైన ఉంది. శుభ్రం చేసే యాప్‌కు పెద్దది, చిన్నది అన్న తేడాయే తెలుసు. మనం శ్రద్ధగా మంచి క్వాలిటీలో తీసుకున్నదే దానికి మొదటి చెత్త. చెత్తబుట్టలో ఉంటుందేమోనని చూస్తే గడువు దాటిపోయింది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి చెరిపితే 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులే ఉంచుతారు. రికవరీ చేస్తామన్న ఒక షాపులో డబ్బులు కట్టాడు. వాళ్లు తీసి ఇచ్చినవి తపాలా బిళ్లంత బొమ్మలు నాలుగు. పాత మెమరీ కార్డులలో చెరిపినవి తిరిగి రావడం నిజమే. ఇప్పటి ఫోన్లలో మాత్రం లోపలి స్టోరేజీ మొత్తం తాళం వేసిన భాషలో రాసి ఉంటుంది. చెరిపిన చోటును ఫోన్ తనంతట తానే తుడిచేసి కొత్త రాతకు సిద్ధం చేసుకుంటుంది. తెస్తామని ఎవరైనా ముందుగా డబ్బులడిగితే ఇవ్వకండి.

చివరికి జహీరాబాద్‌లో ఉన్న వాళ్లక్క ఫోన్‌లో దొరికింది, ఎప్పుడో వాట్సాప్‌లో పంపించినది. వాట్సాప్ అప్పట్లో వీడియోను 16 ఎంబీలకు కుదించేది. బొమ్మ మసక మసకగా ఉంటుంది, జాతర జనం ముఖాలు తెలియవు. నాన్న గొంతు మాత్రం బాగానే వినిపిస్తుంది. ఆ 16 ఎంబీలు ఇప్పుడు మా నలుగురి ఫోన్లలోనూ ఉన్నాయి. అసలు వీడియో అలాగే చేరాలంటే వాట్సాప్‌లో 'వీడియో'గా కాక 'డాక్యుమెంట్'గా పంపాలి. 2022 నుంచి ఒక్కో ఫైలు 2 జీబీ దాకా అలా పోతుంది. ఈ సంగతి అప్పుడు మాకు తెలియదు.

ఆ 32 జీబీ ఫోన్ కొన్నప్పుడు 64కు తేడా వెయ్యి రూపాయలని, ఆ వెయ్యీ మిగిల్చి ఇంటికి పంపానని అతను చెప్పాడు. అది తప్పని మేము అనలేం. ఆ నెల ఆ వెయ్యి అవసరమే. కానీ తక్కువ స్టోరేజీ కొన్నవాళ్లు దానితో పాటే ఒక పని కూడా నెత్తిన వేసుకున్నట్టు. నెలకోసారి కూర్చుని, తొందర లేనప్పుడు, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చూసుకోవాలి. పరీక్ష రోజు, అప్లికేషన్ చివరి తేదీ రోజు చెరపడం మొదలుపెడితే ఏది పోతుందో చెప్పలేం. మన బతుకుల్లో ఆ రోజులే ఎక్కువ. ఈపాస్ స్కాలర్‌షిప్ చివరి తేదీ, టీజీపీఎస్సీ చివరి తేదీ, హాస్టల్ రెన్యువల్.

పదో వంతు ఖాళీ ఎందుకో చెబుతామన్నాం. ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీ మన నల్లబల్ల వంటిది కాదు, ఒక్క అక్షరం తుడిచి అక్కడే రాయలేదు. కొంత భాగాన్ని మొత్తంగా తుడిచాకే కొత్తది రాయగలదు. ఖాళీ భాగాలు లేకపోతే ఉన్నవాటిని అటూ ఇటూ జరిపి, తుడిచి, మళ్లీ రాస్తుంది. ఫోన్ నిండినప్పుడు నెమ్మదించడానికి అది ఒక కారణం. ఒక యాప్ అప్‌డేట్ కావాలన్నా కొత్తది పూర్తిగా దిగేదాకా పాతది ఉండాలి, అంటే కాసేపు రెండింతల జాగా కావాలి.

మెమరీ కార్డు వేసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సగం సరిపోతుంది. ఫొటోలు, వీడియోలు, పాఠాలు కార్డులో ఉంచుకోవచ్చు. టీ-శాట్, ఎన్‌పీటీఈఎల్ పాఠాల వంటివి దించుకుని చదివేవాళ్లకు ఇది మంచి మార్గమే. యాప్‌లను మాత్రం చాలా ఫోన్లు కార్డులోకి పోనివ్వవు. కొన్నిటిలో కార్డు పెట్టాలంటే రెండో సిమ్ తీసెయ్యాలి, ఊరికి ఒక సిమ్, డేటాకు ఒక సిమ్ వాడేవాళ్లకు ఇది కుదరదు. కొన్ని ఫోన్లలో కార్డుకు చోటే ఉండదు. అందుకని కొనేముందు సిమ్ ట్రే బయటికి తీయించి కళ్లారా చూడండి. మేము 64 జీబీ కార్డు 600 రూపాయలకు కొన్నాం. జీబీకి తొమ్మిది రూపాయల పైచిలుకు పడింది. ఫోన్‌లో అదనపు 64కు 1500 పెడితే జీబీకి 23 రూపాయలు. కార్డు చవకే, కానీ నెమ్మది, యాప్‌లకు పనికిరాదు, పోయే అవకాశమూ ఎక్కువ. కార్డు మీద ఎస్‌డీహెచ్‌సీ అని ఉంటే 32 జీబీ వరకు, ఎస్‌డీఎక్స్‌సీ అని ఉంటే అంతకు పైన. పాత ఫోన్లు రెండోదాన్ని గుర్తుపట్టకపోవచ్చు. 32 జీబీ కార్డుల్లో మామూలుగా ఉండే ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీకి మించిన ఒకే ఫైలు ఎక్కదు. చోటున్నా పెళ్లి వీడియో ఎందుకు కాపీ కావడం లేదని తల పట్టుకున్నవాళ్లకు కారణం ఇదే.

నకిలీల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం దండగ. "2 టీబీ పెన్‌డ్రైవ్ 399 రూపాయలు" అన్న ప్రకటన చూసి మేమే తెప్పించాం, పీజీ చదువుతూ! కంప్యూటర్‌లో పెడితే నిజంగానే 2 టీబీ అని చూపించింది. ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులో వేశాం. పేర్లు కనబడతాయి, తెరిస్తే తెరుచుకోవు. లోపల ఉన్నది చాలా చిన్న చిప్, దాని మీద మాత్రం పెద్దదని చెప్పమని అబద్ధం రాసిపెడతారు. అసలు చోటు అయిపోయాక వేసిన ఫైళ్లు గాలిలో పోతాయి, లేదా ముందు వేసిన వాటి మీదే పడతాయి. ఎక్కువ జీబీ నమ్మశక్యం కాని ధరకు వస్తుంటే అది ఇదేనని గుర్తుంచుకోండి. కొన్నాక విండోస్‌లో 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ', లైనక్స్‌లో 'ఎఫ్3' అన్న ఉచిత ప్రోగ్రాములతో చూసుకోవచ్చు. అవి కార్డును చివరిదాకా నింపి, మళ్లీ చదివి, ఎంత నిజమో చెబుతాయి. ఒక రాత్రి పడుతుంది. పరీక్షించనిదే ఏ కార్డులోనూ ముఖ్యమైనవి పెట్టకండి.

"అంతా గూగుల్‌లో పెట్టుకుంటే ఫోన్‌లో చోటెందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. గూగుల్ ఖాతాకు ఉచితం 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోనే. ఫొటోలకు ఉచితంగా ఎంతైనా ఇచ్చిన పద్ధతి 2021 జూన్ 1తో ఆగిపోయింది. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15లోనే లెక్క. పైగా రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో పది జీబీలు పైకి ఎక్కించాలంటే వారం రోజులు నెట్ మొత్తం దానికే పోతుంది. ఏరిన కొన్నిటికి గూగుల్ మంచిది, అన్నిటికీ కాదు.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం చోటు గురించి ఆలోచించనే వద్దు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్లు, కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఇరవై కాగితాలు శుభ్రంగా స్కాన్ చేస్తే 20 ఎంబీలు. ఒక నిమిషం వీడియోలో ఆరో వంతు కూడా కాదు. ఫోన్‌లో, మెయిల్‌లో, ఒక మిత్రుడి ఫోన్‌లో పెట్టండి. 2015లో మొదలైన డిజీలాకర్‌లో ఆయా శాఖలు నేరుగా ఇచ్చిన పత్రాలు చట్టప్రకారం అసలుతో సమానం. మనం ఫొటో తీసి ఎక్కించుకున్నవి అలా కావు, ఈ తేడా గుర్తుంచుకోండి. మన కాగితాలతో పాటు అమ్మానాన్నలవి కూడా. ఈ బెల్ట్‌లో కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఐడీ కార్డు మారుతుంది. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, జీతం పడిన పాస్‌బుక్కు పేజీలు ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగిన తర్వాతనే మేమూ ఇంటికి పోయి అమ్మ ఐడీ కార్డును రెండువైపులా ఫొటో తీసుకున్నాం. "ఇదెందుకు బిడ్డా ఇప్పుడు?" అంది. ఊరికే అన్నాం. ఇంట్లో మొదట చదువుకున్నవాడి ఫోన్ ఇంటిల్లిపాదికీ బీరువా. 64, 128 అని లెక్క వేసేటప్పుడు ఆ బీరువా ఒక్కరిది కాదని కూడా చూసుకోండి.

ఇంతకీ ఏది కొనాలి? నాలుగేళ్లు వాడేవాళ్లకు మా లెక్కలో 128. కార్డు పెట్టుకునే వీలుండి, రెండేళ్లే వాడతామనుకుంటే, లేదా ఆ 1500 ఈ నెల నిజంగా ఇంట్లో అవసరమైతే 64 తీసుకుని నెలకో ఆదివారం దానికి కేటాయించండి. 32 జీబీది కొత్తగా కొనకండి, సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చినా సరే. 256 మామూలు విద్యార్థికి అక్కర్లేదు. డప్పు బృందం ప్రదర్శనలు షూట్ చేసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసి నాలుగు రూపాయలు సంపాదించేవాళ్లకు తప్ప. ఆ డబ్బు ర్యామ్ 4 నుంచి 6కు పెంచుకోవడానికి పెడితే ఎక్కువ ఉపయోగం. 128 జీబీల్లో కూడా రెండు రకాలున్నాయి, ఈఎంఎంసీ, యూఎఫ్ఎస్. రెండోది చదవడంలో మూడు నాలుగింతల వేగం. ధర ఒకటే అయితే యూఎఫ్ఎస్ అని ఉన్నదే తీసుకోండి. 2025 చివర్లో ప్రపంచమంతా డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి. కాబట్టి పైన మేము రాసిన 1500 తేడా మీరు వెళ్లే రోజుకు అలాగే ఉంటుందనుకోవద్దు. రూపాయలు మారినా లెక్క పద్ధతి అదే.

ఉన్న ఫోన్‌తోనే నెట్టుకురావాలంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'కు పోయి ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేయండి. అక్కడే 'మేనేజ్ స్టోరేజ్'లో ఏ గ్రూపు ఎంత తిన్నదో కనబడుతుంది. మా క్లాసు గ్రూపు ఒక్కటే నాలుగు జీబీలు! చెరిపేముందు ప్రతిదాన్నీ ఒకసారి తెరిచి చూడండి, జాబితాలో పైనున్నదాన్ని మరీ ముఖ్యంగా.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత మేము స్టడీ హాల్లో రెండు ల్యాప్‌టాప్‌లు, పరీక్షించిన పెన్‌డ్రైవ్‌లు పెట్టుకుని కూర్చుంటాం. ఎవరి ఫోన్ నిండిపోయిందో వాళ్లు రండి. ఫొటోలు, వీడియోలు కాపీ చేసి ఇచ్చాకే చెరుపుదాం. సర్టిఫికెట్లు స్కాన్ చేయాల్సినవాళ్లు ఒరిజినల్స్ ప్లాస్టిక్ కవర్‌లో తెచ్చుకోండి. ఛార్జింగ్ కేబుల్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, పోయినేడాది మావి రెండు పోయాయి.